టీకా వల్ల హాని జరిగిందంటే పరిహారం ఎవరిస్తారు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం అడిగాయి. టీకా వేయించుకున్న తరువాత అనారోగ్యం పాలైతే పరిహారం దొరుకుతుందా, ఎవరిని అడగాలి అని. అడిగినవారిలో కొందరు అమెరికాలో ఉంటున్నారు, కొందరు ఇక్కడివారు. రెండు దేశాల్లో దారులు పూర్తిగా వేరు కాబట్టి ఒకరికి చెప్పిన జవాబును మరొకరు తమకు అన్వయించుకోవద్దని మనవి. ఉత్తరాలను కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: గ్రీన్‌కార్డు మెడికల్ కోసం అయిదు నెలల కిందట నాకు టీడ్యాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింతదగ్గు రాకుండా వేసేది), ఫ్లూ టీకాలు రెండూ ఎడమ భుజానికే వేశారు. చొక్కా విప్పమనకుండా కాలరు పక్కకు లాగి బాగా పైన గుచ్చారు. మర్నాటి నుంచి ఆ చేయి పైకెత్తలేకపోతున్నాను. అమృతాంజనం రాసుకుంటూ కాలక్షేపం చేసి, మూడో నెలలో గాని డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. ఎంఆర్‌ఐ తీసి కీలు దగ్గర వాపు ఉందన్నారు. క్లినిక్ మీద దావా వేయవచ్చా? వేస్తే గ్రీన్‌కార్డుకు అడ్డు వస్తుందా?
— పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: క్లినిక్ మీద నేరుగా దావా వేయడానికి వీలు లేదు. అమెరికాలో 1986లో చేసిన బాల్య టీకా హాని చట్టం ప్రకారం, ఆ చట్టం పరిధిలోని టీకా వల్ల హాని కలిగిందనుకునేవారు తయారీదారు మీద గాని, టీకా వేసినవారి మీద గాని వెయ్యి డాలర్లకు మించిన నష్టపరిహారం కోరాలంటే ముందుగా జాతీయ టీకా హాని పరిహార కార్యక్రమానికి అర్జీ పెట్టుకోవాలి. వీఐసీపీ అని అందరూ పిలిచేది దీన్నే. పేరులో ‘బాల్య’ అని ఉన్నంత మాత్రాన పిల్లలకే అనుకోకండి. పిల్లలకు గాని గర్భిణులకు గాని క్రమం తప్పక వేయమని ప్రభుత్వం సిఫారసు చేసే టీకా అయితే చాలు, దాన్ని ఏ వయసువారు వేయించుకున్నా అర్హులే. టీడ్యాప్, ఫ్లూ రెండూ ఆ పరిధిలోవే.

ఇక్కడ ప్రతివాది మీ క్లినిక్ కాదు, అమెరికా ఆరోగ్య శాఖ కార్యదర్శి. ఆ శాఖ తరఫున న్యాయ శాఖ న్యాయవాదులు వాదిస్తారు. విచారణ వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో స్పెషల్ మాస్టర్ అనే న్యాయాధికారి ఎదుట జరుగుతుంది. జ్యూరీ ఉండదు. డబ్బు చెల్లించేది ప్రతి డోసు మీద వసూలు చేసే పన్నుతో ఏర్పడిన నిధి నుంచి. టీకా ఎన్ని వ్యాధులను నివారిస్తే అన్ని 75 సెంట్ల చొప్పున ఆ పన్ను పడుతుంది. మీ టీడ్యాప్ మూడు వ్యాధులకు సంబంధించినది కనుక దాని ధరలో 2 డాలర్ల 25 సెంట్లు ఈ నిధికే వెళ్లాయి. కాబట్టి ఎవరినో వేధిస్తున్నామన్న మొహమాటం అక్కరలేదు. ఎవరి తప్పూ నిరూపించవలసిన పని కూడా లేదు.

మీరు చెప్పిన లక్షణాలు టీకా వేయడంలో భుజానికి కలిగే గాయం అన్న పద్దుకు దగ్గరగా ఉన్నాయి. సూది కండరంలోకి దిగవలసింది పోయి, పైభాగాన కీలును ఆనుకుని ఉండే సంచిలోకి దిగితే అక్కడ వాపు వచ్చి చేయి బిగుసుకుపోతుంది. కాలరు లాగి గుచ్చినప్పుడు ఇలా జరిగే అవకాశం ఎక్కువ. 2017లో దీన్ని అధికారిక హాని పట్టికలో చేర్చారు. పట్టికలో ఉండటం వల్ల లాభమేమిటంటే, షరతులు సరిపోతే కారణం టీకాయేనని చట్టమే భావిస్తుంది, నిరూపణ భారం మీ మీద ఉండదు. ఆ భుజానికి అంతకుముందు నొప్పి, వాపు వంటివి ఉండకూడదు. నొప్పి 48 గంటల్లోపు మొదలై ఉండాలి. నొప్పీ, బిగుతూ సూది గుచ్చిన భుజానికే పరిమితం కావాలి. వాటికి వేరే కారణం కనిపించకూడదు.

మీ కేసు బలమంతా ఆ 48 గంటల దగ్గరే ఉంది, బలహీనత కూడా అక్కడే. మూడో నెలలో వెళ్లినప్పుడు డాక్టరు ‘కొన్ని వారాలుగా భుజం నొప్పి’ అని మాత్రమే రాసి ఉంటే, ‘మర్నాడే మొదలైంది’ అని మీరు ఇప్పుడు చెప్పే మాటను అవతలి న్యాయవాది ఆ ఒక్క వాక్యంతో నిలదీస్తాడు. ఆ రికార్డు తెప్పించుకుని చదవండి. మనవాళ్లలో చాలామంది ముందుగా గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న డాక్టరు మేనమామకు వాట్సాప్‌లో చెప్పుకుంటారు. ఆ సందేశాలు ఉంటే చెరిపేయకండి. ఆసుపత్రి రికార్డుతో సమానం కాకపోయినా, తేదీతో సహా నొప్పి సంగతి అందులో ఉంటుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. గ్రీన్‌కార్డు మెడికల్ పత్రమైన ఐ-693లో టీకా పేరు, తేదీ ఉంటాయి గాని ఏ చేతికి వేశారో ఉండదు. అందుచేత క్లినిక్ సొంత రికార్డు అడిగి తీసుకుని, అందులో ఎడమ భుజం అని ఉందో లేదో చూడండి. అలవాటు కొద్దీ కుడి అని నమోదు చేసేవారు ఉంటారు. ఈ కేసుల్లో దాని మీదే పెద్ద వాదన నడుస్తుంది.

గడువు మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి 3 ఏళ్లు. కానీ బాధ 6 నెలలకు మించి కొనసాగిందని చూపితే గాని అర్జీ నిలవదు. ఆసుపత్రిలో చేరి శస్త్రచికిత్స చేయించుకున్నవారికి, మరణించినవారికి ఈ నిబంధన లేదు. మీకు ఇంకా అయిదు నెలలే కనుక తొందరపడి వేయకుండా, ఆరో నెల దాటాక కూడా నొప్పి ఉందని ఫిజియోథెరపీ కాగితాల్లో నమోదయ్యేలా చూసుకోండి. న్యాయవాది ఖర్చు గురించి భయపడనక్కరలేదు. అర్జీ సద్భావంతో, సహేతుకమైన ఆధారంతో వేసినదైతే, ఓడిపోయినా న్యాయవాది రుసుమును నిధి నుంచే ఇస్తారు. అందువల్ల ‘వచ్చినదాంట్లో మూడో వంతు నాది’ అనే న్యాయవాది ఎదురైతే అతడికి ఈ కోర్టు సంగతి తెలియదని అర్థం, చట్టం దాన్ని నిషేధించింది. బాధకు ఇచ్చే పరిహారం 2,50,000 డాలర్లకు మించదు. పోయిన జీతం, బీమా భరించని వైద్యం ఖర్చు వేరే లెక్క. అయితే డబ్బు త్వరగా చేతికొస్తుందని అనుకోకండి. చట్టం స్పెషల్ మాస్టర్లను ఎనిమిది మందికి పరిమితం చేసింది, కేసులు మాత్రం ఏళ్ల తరబడి నిలిచే సంఖ్యలో వస్తున్నాయి.

గ్రీన్‌కార్డు సంగతి: ఈ చట్టం పౌరసత్వం అడగదు, వీసా అడగదు, టీకా ఎక్కడ వేశారన్నదే చూస్తుంది. ఇది సంక్షేమ పథకం కూడా కాదు. మీ దరఖాస్తులో ప్రత్యేక చిక్కులేవైనా ఉంటే మీ ఇమిగ్రేషన్ న్యాయవాదితో ఒక మాట మాట్లాడండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. తీర్పులు అర్జీదారు పేరుతో ప్రచురితమవుతాయి. వైద్య వివరాలు దాచాలనుకుంటే తీర్పు వచ్చిన 14 రోజుల్లోగా కోరాలి.

ప్రశ్న: మా అత్తగారు విజిటర్ వీసా మీద వచ్చారు. ఫార్మసీలో షింగిల్స్ (ఒంటి మీద నొప్పితో పొక్కులు వచ్చే జబ్బు) టీకా వేయిస్తే తీవ్రమైన రియాక్షన్ వచ్చి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. మా బాబుకు కిందటి వేసవిలో హైదరాబాదులో టైఫాయిడ్ టీకా వేయించాం, వాడికీ ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. ఇద్దరికీ పరిహారం అడగవచ్చా?
— పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఇద్దరికీ దొరకదమ్మా. షింగిల్స్ టీకాను పెద్దలకే సిఫారసు చేస్తారు కనుక అది వీఐసీపీ పరిధిలో లేదు. అదే ఫార్మసీలో ఆవిడకు ఫ్లూ టీకా వేసి ఉంటే, విజిటర్ వీసా అయినా అర్జీ పెట్టుకోవచ్చు. షింగిల్స్ విషయంలో మామూలు కోర్టు దారి మూసుకుపోలేదు గాని రెండు రోజుల ఆసుపత్రి బిల్లు కోసం ఆ దారి పట్టమని నేను చెప్పను. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే ముందు అక్కడ క్లెయిమ్ చేయండి.

బాబు సంగతికొస్తే, ప్రయాణాలకు ముందు వేసే టైఫాయిడ్ టీకా కూడా ఆ జాబితాలో లేదు. మరొక మాట. అమెరికాలో పుట్టిన పిల్లలకు సెలవుల్లో ఇక్కడ టీకాలు వేయించడం మనవాళ్లకు మామూలే. జాబితాలో ఉన్న టీకానే విదేశంలో వేయించినా, అమెరికా సైన్యంలోనో ప్రభుత్వ ఉద్యోగంలోనో ఉన్న పౌరుల కుటుంబాలను మినహాయిస్తే, దాని తయారీదారు అమెరికాలో ఉన్న సంస్థ కావాలి, వేయించుకున్న వ్యక్తి 6 నెలల్లోగా అమెరికాకు తిరిగి రావాలి. మన దగ్గర తయారైన టీకాకు ఆ నిధి వర్తించదు.

ప్రశ్న: టీకాలు సురక్షితమని చెబుతూనే ప్రభుత్వాలు పరిహారం ఎందుకు ఇస్తున్నాయి? ఇవ్వడం అంటే హాని ఉందని ఒప్పుకున్నట్లు కాదా?
— పాఠకుడు, హనుమకొండ

జవాబు: ప్రశ్న న్యాయమైనదే. టీకా వల్ల ఎవరికీ ఏ హానీ జరగదని తెలిసిన వైద్యుడెవరూ చెప్పడు. లక్షల్లో ఒకరికి తీవ్రమైన అలెర్జీ రావచ్చు, మరీ అరుదుగా నరాల జబ్బులు రావచ్చు. అమెరికా కార్యక్రమం లెక్క ప్రకారం అక్కడ పంపిణీ అయిన ప్రతి 10 లక్షల డోసులకు పరిహారం పొందినవారు దాదాపు ఒక్కరు. ఆ పరిహారాల్లోనూ దాదాపు 60 శాతం రాజీ ద్వారా ఇచ్చినవి, అంటే టీకాయే కారణమని ఆరోగ్య శాఖ తేల్చకుండానే కేసు ముగించినవి. అందుచేత ‘ఇన్ని కోట్ల డాలర్లు చెల్లించారు’ అంటూ వాట్సాప్‌లో తిరిగే అంకె చూసి అన్నీ రుజువైన హానులని లెక్కవేయకూడదు, రాజీ పడ్డారు కాబట్టి అన్నీ ఉత్తవేనని కొట్టిపారేయకూడదు.

ఈ నిధి పుట్టుక కూడా తెలుసుకోవలసినదే. 1980లలో కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతాలకు వేసే అప్పటి డీపీటీ టీకా తమ పిల్లల మెదడును దెబ్బతీసిందని అమెరికాలో తల్లిదండ్రులు వరుసగా దావాలు వేశారు. తయారీ సంస్థలు ఒకటొకటిగా ఆ వ్యాపారం మానుకోవడంతో దేశంలో టీకాలకే కొరత వచ్చే పరిస్థితి ఏర్పడింది. 1986 చట్టం ఆ బేరం ఫలితం: కుటుంబాలకు తప్పు నిరూపించే భారం లేని పరిహారం, సంస్థలకు దావాల నుంచి రక్షణ. 2011లో బ్రూస్‌విట్జ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ రక్షణను మరింత గట్టిపరిచింది. టీకా రూపకల్పనలోనే లోపం ఉందంటూ తయారీదారు మీద దావా చెల్లదని తేల్చింది. సంస్థలకు ఇంత రక్షణ అవసరమా అన్న విమర్శ ఇప్పటికీ ఉంది, అది అన్యాయమైన విమర్శేమీ కాదు. అడిగిన ప్రతివారికీ ఇచ్చేస్తారన్నదీ నిజం కాదు. ఆటిజం టీకాల వల్లే వచ్చిందంటూ 5,000కు పైగా కుటుంబాలు పెట్టిన అర్జీలకు నమూనాగా ఎంచిన కేసులను సాక్ష్యాలు విని 2009, 2010లలో స్పెషల్ మాస్టర్లు తోసిపుచ్చారు.

బ్రిటన్ 1979 నుంచి ఒకే మొత్తం చెల్లించే పథకం నడుపుతోంది. ఇప్పుడది 1,20,000 పౌండ్లు, కానీ 60 శాతం వైకల్యం ఉంటేనే. 59 శాతం అయితే ఏమీ లేదు. ఇంత మోటు కొలత నాకు నచ్చదు.

ప్రశ్న: మా పాపకు అయిదో నెలలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పెంటావాలెంట్ (అయిదు వ్యాధులకు కలిపి వేసే టీకా) మూడో డోసు వేశారు. ఆ రాత్రి జ్వరం వచ్చి ఇరవై నిమిషాలకు పైగా ఫిట్స్ వచ్చాయి. అప్పటి నుంచి వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు మూడేళ్లు, మాటలు సరిగా రాలేదు. ‘కాకతాళీయం’ అని డాక్టరుగారు తేల్చేశారు. ప్రభుత్వం నుంచి నష్టపరిహారం ఎలా రాబట్టాలి?
— ఒక తండ్రి, తాడేపల్లిగూడెం

జవాబు: అయ్యా, మీకు ముందు చేదు మాటే చెప్పాలి. సార్వత్రిక టీకా కార్యక్రమంలో పిల్లలకు హాని జరిగితే అమెరికాలోలాగా అర్జీ పెట్టుకునే నిధి మన దేశంలో లేదు. జనం మేలు కోసం ఆరోగ్యంగా ఉన్న ప్రతి బిడ్డనూ టీకాకు తీసుకురమ్మని అడిగే ప్రభుత్వం, లక్షల్లో ఒక బిడ్డకు చెడు జరిగితే ఆ కుటుంబాన్ని కోర్టుకు పొమ్మనడం సరికాదని నా అభిప్రాయం. టీకాల మీద నమ్మకం ఉన్నవాడిగానే ఈ మాట అంటున్నాను.

ఉన్నదేమిటంటే విచారణ వ్యవస్థ. టీకా తరువాత మరణం, ఆసుపత్రిలో చేరడం, వైకల్యం వంటివి సంభవిస్తే ఏఎన్‌ఎం (టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) మెడికల్ ఆఫీసరుకు, ఆయన జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి తెలియజేయాలి. ఆ తరువాత నిపుణుల కమిటీ కారణాన్ని తేలుస్తుంది: టీకా స్వభావం వల్లనా, నాణ్యతా లోపం వల్లనా, వేయడంలో పొరపాటు వల్లనా, సూది భయం వల్లనా, లేక కాకతాళీయమా అని. తేల్చలేని వాటికీ వేరే వర్గాలు ఉన్నాయి. అంటే ‘కాకతాళీయం’ అన్నది డాక్టరుగారు నోటితో చెప్పి ముగించే మాట కాదు, కమిటీ కాగితం మీద రాయవలసిన నిర్ణయం. 2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లి ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకున్న పసిబిడ్డలు అస్వస్థులై, మరణాలు కూడా సంభవించినప్పుడు అందరి వేళ్లూ టీకా వైపే చూపాయి. తీరా విచారిస్తే జ్వరం రాకుండా ఇచ్చే పారాసిటమాల్‌కు బదులు ట్రమడాల్ మాత్రలు ఇచ్చినట్లు బయటపడింది. అలాంటి చోట బాధ్యత ఎవరిదో స్పష్టంగా చెప్పవచ్చు, టీకా మంచిచెడ్డలతో దానికి పని లేదు.

కాబట్టి మీ పాప ఘటన అసలు నమోదైందో లేదో ముందు తెలుసుకోండి. జిల్లా వైద్యారోగ్య శాఖ కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, మీ పాపకు సంబంధించిన కేసు నివేదిక, కమిటీ నిర్ణయం ప్రతులు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. నమోదే కాలేదంటే ఇప్పుడైనా నమోదు చేయమని రాతపూర్వకంగా కోరండి. తల్లీబిడ్డల సంరక్షణ కార్డు, ఆ రాత్రి తీసుకెళ్లిన ఆసుపత్రి చీటీ జాగ్రత్త. కార్డు మీద టీకా తేదీ, చీటీ మీద ఫిట్స్ వేళ: ఈ రెండింటి మీదే తక్కినదంతా ఆధారపడుతుంది.

రెండోది కోర్టు కంటే ముఖ్యమని నేననుకుంటాను. పాపను పిల్లల న్యూరాలజిస్టుకు చూపించి, డ్రావే సిండ్రోమ్ అయ్యే అవకాశం ఉందా అని అడగండి. ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో మార్పు వల్ల వచ్చే మూర్ఛ ఇది. సాధారణంగా మొదటి ఏడాదిలోనే, తరచు జ్వరంతో, చాలాసేపు ఆగని ఫిట్స్‌తో బయటపడుతుంది. టీకా వల్ల మెదడు దెబ్బతిన్నదని చెబుతూ వచ్చిన 14 మందిని 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు పరీక్షిస్తే వారిలో 11 మందికి ఈ మార్పు ఉన్నట్లు తేలింది. టీకా జ్వరం వల్ల మొదటి ఫిట్ కొంత ముందుగా రావచ్చు గాని జబ్బు పుట్టుకతో ఉన్నదే. మీ పాపకు ఇదేనని నేను ఉత్తరం చూసి చెప్పలేను. పరీక్ష ఎందుకు అవసరమంటే, ఫిట్స్‌కు మామూలుగా వాడే కార్బమజెపిన్ వంటి మందులు ఈ జబ్బును ఇంకా పెంచుతాయి. జబ్బు పేరు తేలితే మందు మారుతుంది. ఫలితం ‘లేదు’ అని వస్తే మీ వాదనకు ఎదురయ్యే అతి పెద్ద ప్రశ్నకు జవాబు దొరికినట్లే. మిగతా టీకాలు ఆపాలా, ఏవి ఎలా వేయాలన్నది ఆ డాక్టరుగారినే నిర్ణయించమనండి.

ఇక కోర్టు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని చాలామంది సలహా ఇస్తారు గాని, అందరికీ ఉచితంగా సేవ చేసే ప్రభుత్వ కేంద్రాలు ఆ చట్టం కిందికి రావని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు మిగిలేవి సివిల్ దావా, హైకోర్టులో రిట్ (ప్రభుత్వం మీద నేరుగా హైకోర్టుకే పెట్టుకునే అర్జీ). ప్రభుత్వం మీద దావాకు ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. సిబ్బంది పొరపాటు స్పష్టంగా రికార్డులో ఉంటే రిట్‌లో హైకోర్టు పరిహారం ఇవ్వగలదు. కారణమే వివాదమైతే సాక్ష్యం కోసం సివిల్ కోర్టుకు వెళ్లమంటుంది. పాప మైనరు కనుక కాలపరిమితి విషయంలో కొంత వెసులుబాటు ఉంది, అలాగని కాగితాలు పసుపు రంగు తిరిగేదాకా ఆగకండి. ఏలూరు లేదా భీమవరం న్యాయసేవల సంస్థ కార్యాలయంలో అడగండి. పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా చాలు.

ఇవన్నీ జరిగేలోగా సదరం శిబిరంలో పాపకు వైకల్య ధ్రువపత్రం తీయించండి. నిర్ణీత శాతం ఉంటే నెలకు 6,000 రూపాయల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. బుద్ధిమాంద్యమో బహుళ వైకల్యమో నిర్ధారణ అయితే నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యం, థెరపీ ఖర్చు వస్తుంది. వీటికి టీకాయే కారణమని ఎవరికీ రుజువు చేయనక్కరలేదు.

ప్రశ్న: 2021 జూలైలో ప్రైవేటు ఆసుపత్రిలో 780 రూపాయలు కట్టి కోవిషీల్డ్ వేయించుకున్న మా అక్క పన్నెండో రోజున మెదడులో రక్తం గడ్డకట్టి చనిపోయింది. ఇప్పుడు ఏమైనా చేయగలమా?
— పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కొవిడ్ టీకాల తరువాత సంభవించిన మరణాలపై వేసిన పిటిషన్లలో, ప్రభుత్వాన్ని బాధ్యురాలిని చేయలేమని, సివిల్ కోర్టుకో వినియోగదారుల కమిషన్‌కో వెళ్లవచ్చని 2022లో కేంద్రం సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. ఆ కేసుల్లో మన హైదరాబాదు కుటుంబం కూడా ఉంది. మీ అక్కగారు డబ్బు కట్టి వేయించుకున్నారు కనుక వినియోగదారుల కమిషన్ ఆమె విషయంలో నిజంగానే ఒక దారి. అక్కడ పరిధిని నిర్ణయించేది మీరు కోరే మొత్తం కాదు, కట్టిన సొమ్ము. కాబట్టి 50 లక్షలు అడిగినా జిల్లా కమిషనే వింటుంది, కోర్టు రుసుము ఉండదు. చిక్కల్లా గడువు రెండేళ్లే కావడం. కొవిడ్ కాలానికి సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపు కలుపుకున్నా అది 2024 ఫిబ్రవరితో తీరిపోయింది. ఆలస్యానికి తగిన కారణం చూపి మన్నింపు కోరవచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం కమిషన్ ఇష్టం.

వేసే ముందు ఒక కాగితం వెతకండి: ఆసుపత్రిలో చేర్చిన రోజు రక్తపరీక్షలో ప్లేట్‌లెట్ల సంఖ్య. ఆ టీకా వల్ల అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు రావచ్చని, కోవిషీల్డ్‌ను రూపొందించిన సంస్థల్లో ఒకటైన ఆస్ట్రాజెనెకా 2024లో బ్రిటన్ కోర్టు పత్రాల్లో అంగీకరించిన మాట నిజమే. కానీ ఆ జబ్బులో గడ్డలతో పాటు ప్లేట్‌లెట్లు పడిపోతాయి, పీఎఫ్4 అనే ప్రొటీన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు మామూలుగా ఉన్నట్లు రిపోర్టులో ఉంటే మీ వాదన నిలవడం కష్టం. తక్కువగా ఉన్నట్లు ఉంటే ఆ కాగితంతో ముందు ఒక రక్తవ్యాధుల నిపుణుడి దగ్గరికి, తరువాతే న్యాయవాది దగ్గరికి వెళ్లండి. అక్కగారి కేసును నమోదు చేయించకపోయి ఉంటే, ఔషధ దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం ఉచిత నంబరు 1800-180-3024కు తెలియజేయండి. వ్యక్తులు కూడా సొంతంగా నివేదించే ఏర్పాటు ఉండాలని 2022 మే 2న జాకబ్ పులియేల్ కేసులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది.